మొదటి గేమ్ ఇంజిన్: భాష కన్నా ముందు చూడాల్సిన అంకెలు

ఏళ్ల తరబడి కోడ్ రాసినవారు గేమ్ తయారీలోకి దిగాలనుకుంటే, ఇంజిన్‌ను తమకొచ్చిన భాషను బట్టి తేల్చేస్తుంటారు. సీ షార్ప్ వస్తే యూనిటీ, సీ ప్లస్ ప్లస్ వస్తే అన్‌రియల్. కానీ అనుభవజ్ఞులకు కొత్త భాష పట్టుబడటం పెద్ద పని కాదు. ముందుగా చూడాల్సిన అంకెలు వేరే ఉన్నాయి.

16.67 మిల్లీసెకన్లు

సెకనుకు 60 ఫ్రేములు కనిపించాలంటే ఒక్కో ఫ్రేముకు దక్కే సమయం ఇంతే. మీట నొక్కితే స్పందన, పాత్రల కదలిక, ఏది దేన్ని ఢీకొందన్న లెక్క, బొమ్మ గీయడం... అన్నీ ఆలోపే ముగియాలి. వెబ్ సర్వర్ 200 మిల్లీసెకన్లలో జవాబిస్తే సంతోషిస్తాం. ఆటలో అంత సేపట్లో 12 ఫ్రేములు గడిచిపోతాయి. కాబట్టి కొత్తగా నేర్చుకోవాల్సింది ఈ ఆగని లూప్‌ను, దాని చుట్టూ ఇంజిన్ పెట్టుకున్న పద్ధతిని. గోడో అనే ఇంజిన్‌లో నోడ్లు, సీన్లు, యూనిటీలో గేమ్ ఆబ్జెక్టులకు తగిలించే కాంపొనెంట్లు, అన్‌రియల్‌లో యాక్టర్లు. వీటిలో మీ ఆలోచనకు ఏది కుదురుతుందో చూసుకోవాలి.

5 శాతం, 2 లక్షలు, సున్నా

అన్‌రియల్‌తో చేసిన ఆట మొత్తం అమ్మకాలు 10 లక్షల డాలర్లు దాటాక, ఆ పైమొత్తం మీద మామూలుగా 5 శాతం రాయల్టీ కట్టాలి. అమ్మకాలు 12 లక్షలైతే రాయల్టీ 10 వేలు. యూనిటీ ఉచిత లైసెన్సుకు ఏడాది ఆదాయ పరిమితి 2 లక్షల డాలర్లు. అది దాటితే ప్రో తీసుకోవాలి. 2025 మొదట్లో దాని ధర ఒక్కో వ్యక్తికి ఏడాదికి 2,200 డాలర్లు. ఆటకు ఎంత ఆదాయం వచ్చినా గోడోకు కట్టేది సున్నా.

మొదటి ఆట 20 వేల డాలర్లు తెచ్చిందనుకుందాం. అందులో 30 శాతం, అంటే 6 వేలు ఆటలమ్మే ఆన్‌లైన్ దుకాణం స్టీమ్ తీసుకుంటుంది. ఇంజిన్ ఏదైనా దానికి కట్టేది ఏమీ ఉండదు. తొలి ఎంపికను డబ్బు నిర్ణయించనక్కర్లేదు.

20 సెంట్లు

షరతులు మారితే ఏమిటన్నది మాత్రం ఆలోచించాలి. 2023 సెప్టెంబరు 12న యూనిటీ, కొన్ని పరిమితులు దాటిన ఆటలకు ఒక్కో ఇన్‌స్టాల్‌కు 20 సెంట్ల వరకు రుసుము ప్రకటించింది. డెవలపర్లు మండిపడ్డారు. కొద్దిరోజుల్లో షరతులు సడలించి, 2024 సెప్టెంబరులో రుసుమునే రద్దు చేసింది. 2014లో ఓపెన్ సోర్స్‌గా వచ్చిన గోడోకు ఎంఐటీ లైసెన్సు ఉంది. మీ చేతికొచ్చిన వెర్షన్‌పై హక్కును ఎవరూ వెనక్కి తీసుకోలేరు.

మరి ఏది?

2డీ ఆటకు, చిన్న 3డీ ఆటకు గోడో. మొబైల్ ఆటలకు, ఈ రంగంలో ఉద్యోగానికి యూనిటీ. కళ్లు చెదిరే 3డీ దృశ్యాలే ఆటకు ప్రాణమైతే అన్‌రియల్. సొంతంగా ఇంజిన్ రాద్దామన్న కోరిక ప్రోగ్రామర్లకు సహజం. అందులో నేర్చుకునేది చాలా ఉంటుంది, కానీ ఆట వెనకబడుతుంది. పెద్ద ఇంజిన్ వద్దనుకుంటే మధ్యేమార్గం ఉంది: 2024లో వచ్చిన ‘బాలాట్రో’ ఆట లవ్ అనే చిన్న ఫ్రేమ్‌వర్క్‌పై, లూవా భాషలో తయారై, నెల తిరక్కుండానే 10 లక్షల కాపీలు అమ్ముడైంది. పనిముట్టు పెద్దదై ఉండాల్సిన అవసరం లేదు.

రెండు ఇంజిన్లు ఎంచుకుని, రెండింటిలోనూ ఒకే బుల్లి ఆటను మెనూ నుంచి స్కోరు దాకా పూర్తిచేయండి. ఏది మిమ్మల్ని త్వరగా చివరిదాకా తీసుకెళ్తే మీ తొలి ఇంజిన్ అదే.