వేసవి శిబిరములకు ఏటేట విరాళములేల?

అమెరికా సంయుక్త రాష్ట్రములలో పట్టణపు బాలబాలికలను వేసవి సెలవులలో అడవులకును సరస్సుల యొద్దకును గొనిపోయి, గుడారములలోను కొయ్య కుటీరములలోను కొన్ని దినములు నివసింపజేయు శిబిరములు అనేకములు గలవు. వానిలో పెక్కింటిని లాభాపేక్ష లేని సంఘములు నడుపుచున్నవి. ఈ సంఘములు ప్రతి సంవత్సరమును ప్రజలను విరాళములడుగుచుండును. "నిరుడు ఇచ్చితిమి గదా, మరల నేల?" అని కొందఱు ప్రశ్నింతురు. ఈ ప్రశ్న న్యాయమైనదే. దీనికి ఉత్తరము తెలిసికొనుటకు న్యూయార్కు నగరమందలి ఫ్రెష్ ఎయిర్ ఫండ్ అను సంస్థ చరిత్ర మిక్కిలి తోడ్పడును. ఆ పేరునకు స్వచ్ఛవాయు నిధి యని యర్థము.

1877వ సంవత్సరమున పెన్సిల్వేనియా రాష్ట్రములోని షెర్మన్ అను చిన్న గ్రామమందు విల్లర్డ్ పార్సన్సు అను పాదిరిగారుండిరి. ఆ కాలమున న్యూయార్కులోని పేదలు ఇఱుకైన అంతస్తుల యిండ్లలో కాపురముండెడివారు. బయటికి కిటికీలేని గదులు వానిలో అనేకములు. క్షయ మొదలగు వ్యాధులు అచ్చట సులభముగా వ్యాపించెడివి. ఆ పేటల దుఃస్థితిని జేకబ్ రీస్ అను పత్రికా విలేఖరి 1890లో "హౌ ది అదర్ హాఫ్ లివ్స్" అను గ్రంథమున లోకమునకు వెల్లడించెను. పార్సన్సుగారు అంతకు పూర్వమే తమ సంఘస్థులతో, ఆ పిల్లలను కొందఱిని వేసవిలో మీ యిండ్లకు అతిథులుగా పిలువుడని చెప్పిరి, వారును సమ్మతించిరి. ఇదియే ఆ నిధికి ఆరంభము.

అప్పటి పద్ధతిలో వ్యయము స్వల్పము. అన్నమును పడకయు గ్రామస్థులే ఇచ్చుచుండిరి గనుక ముఖ్యమైన ఖర్చు ప్రయాణపు ఖర్చే. కొలది కాలమునకు న్యూయార్కు ట్రిబ్యూన్ అను దినపత్రిక ఈ కార్యమును చేపట్టి, పాఠకుల యొద్ద విరాళములు కోరుచు, అందినవానిని పత్రికలో ప్రకటించుచు వచ్చెను. 1924లో ఆ పత్రిక మఱియొకదానితో కలిసి హెరాల్డ్ ట్రిబ్యూన్ ఆయెను. 1966లో అదియు నిలిచిపోయెను గాని నిధి మాత్రము నిలిచియున్నది. 1877 మొదలుకొని 18 లక్షలకు మించిన బాలబాలికలు దీని మూలమున పల్లెలను, అడవులను చూచిరని సంస్థవారు చెప్పుచున్నారు.

కాలక్రమమున ఈ నిధి సొంత శిబిరములను గూడ ఏర్పఱచుకొనెను. న్యూయార్కు నగరమునకు సుమారు 65 మైళ్ల దూరమున, ఫిష్‌కిల్ అను ఊరియొద్ద, 2,000 ఎకరములకు మించిన అడవి దీనికి గలదు. అతిథిగా ఒక యింటికి పోయిన బాలునికి ఆ యింటి తల్లియే వంట చేయును. శిబిరములో నన్ననో వంటవారు కావలెను. ఈత నేర్పువారును, నీటియొద్ద కావలియుండువారును, జ్వరము వచ్చిన చూచువారును కావలెను. పడవలను బాగుచేయవలెను, కుటీరముల కప్పులను మార్చవలెను. ఇట్లు ప్రయాణపు ఖర్చుతో మొదలైన కార్యము పెద్ద సంసారమైనది.

ఇక ఏటేట అడుగుటకు కారణములు మూడు.

మొదటిది, వేసవి నిలువయుండు వస్తువు గాదు. మన యిండ్లలో తల్లులు వంట చేయునపుడెల్ల కానుక నిమిత్తము పిడికెడు బియ్యము వేఱుగా తీసియుంచుట విద్యార్థులు చూచియుందురు. నిన్నటి పిడికెడు నిన్నటి యాకలిని తీర్చినది. నేటికి మరల తీయవలసినదే. నిరుటి విరాళము నిరుటి పిల్లలకు భోజనమైనది. ఈ యేడు పేరు వ్రాయించుకొన్న పిల్లలు వేఱు.

రెండవది, మూలధనపు లెక్క. ఒక ధనికుడు పెద్ద మొత్తమిచ్చిన, దాని వడ్డీతో శాశ్వతముగా నడుపరాదా యని యడుగవచ్చును. నూటికి 5 చొప్పున వడ్డీ వచ్చునెడల, ఏటేట 100 రూపాయలు వ్యయము చేయుటకు 2,000 రూపాయలు కదలక యుండవలెను. ధరలు పెరిగిన కొలది అదియు చాలదు. కావున మూలధనము గల సంస్థలకు సైతము ఏటి విరాళము అవసరమే.

మూడవది మిక్కిలి ముఖ్యమైనది. అనేక శిబిరములలో శక్తిగలవారు పూర్తి రుసుమును, కొందఱు సగమును చెల్లింతురు. పేదపిల్లల రుసుమును విరాళములనుండి పూరింతురు. ఫ్రెష్ ఎయిర్ ఫండ్ శిబిరములలోనైతే పిల్లల కుటుంబములు రుసుము ఇయ్యనక్కఱలేదు. వేసవిలో ఎందఱిని పిలువవచ్చునో శీతకాలమునందే నిర్ణయింపవలెను. విరాళము తగ్గినచో అడవి తగ్గదు, సరస్సు తగ్గదు. తగ్గునది పిల్లల సంఖ్యయే. అందును మొదట నష్టపోవువాడు చెల్లింపలేనివాడు. ఆ బాలుడు కోపగించి ఉత్తరము వ్రాయడు. ఎండకాచిన వీధిలోనే యుండిపోవును. ఎవరి రుసుము ఎవరు చెల్లించిరో శిబిరములో నెవరికిని తెలియకుండ కాపాడుటయు మంచి నిర్వాహకుల ధర్మము. ఒకే పడవలో తెడ్డు వేయు ఇద్దఱిలో ఒకడు దాతయొక్క దయను మోయుచు కూర్చుండరాదు.

2020వ సంవత్సరమున కరోనా వ్యాధి మూలమున ఈ నిధివారు పిల్లలను శిబిరములకు గొనిపోలేకపోయిరి. అయినను ఊరకుండక, నగరవీధులలో కొన్నింటిని బండ్లు రాకుండ చేసి ఆటస్థలములు నడిపిరి. విరాళము నిలిచియుండుటచేతనే కార్యము రూపము మార్చుకొని బ్రదికినది.

లాభాపేక్ష లేని సంఘమనగా జీతములియ్యని సంఘమని కొందఱు తలంతురు. అది పొరపాటు. మిగులు ధనమును యజమానులు పంచుకొనరాదనియే దాని యర్థము. వంటవానికిని ఈత నేర్పువానికిని న్యాయమైన వేతనమియ్యవలసినదే. అమెరికాలో ఇట్టి సంఘములలో పెక్కు ప్రతి సంవత్సరమును ఫారము 990 అను లెక్కలపత్రమును ప్రభుత్వమునకు దాఖలు చేయును; దానిని ఎవరైనను చూడవచ్చును. ఇచ్చువారు లెక్క అడుగుట అవిశ్వాసము గాదు. అడుగువారు లెక్క చూపుట అవమానమును గాదు.

విద్యార్థులారా, మీరెచ్చట ఏ సత్కార్యమునకు కానుక యిచ్చినను ఈ మూడింటిని విచారింపుడు: ధనము ఎవరికై ఖర్చగును? లెక్క బహిరంగముగా నున్నదా? పుచ్చుకొనువాని గౌరవము నిలుచునా? ఉత్తరములు తృప్తికరములైనచో, నిరుడు ఇచ్చితిమను మాటచే చేయి ముడువవలదు. నిరుటి దాతవలన ఒక బాలుడు సరస్సును చూచెను. వాని తమ్ముడు ఇంకను చూడలేదు.