ఊపిరితిత్తిలోని నీడ: అపకారము చేయని కంతులు

దగ్గు వచ్చినదనియో, ఉద్యోగమునకు వైద్యపరీక్ష కావలెననియో తీయించిన ఎక్స్‌రే ఫిలిముపై రూపాయి బిళ్ళంత గుండ్రని నీడ కనబడినదని వైద్యుడు చెప్పినచో, ఇంటిల్లిపాదికిని ఆ రాత్రి నిద్ర పట్టదు. క్షయ యని కొందరు, క్యాన్సరని కొందరు తమలో తామే నిశ్చయించుకొందురు. ఈ రెండును గాక మూడవది యొకటి కలదు: అపకారము చేయని కంతి. అది అరుదు. అరుదగుటచేతనే దానిని గుర్తించు విధమును నేడు వివరింపదలచితిమి.

మదనపల్లె యనగానే ఆరోగ్యవరము జ్ఞప్తికి వచ్చును. అచ్చట 1915లో క్షయ చికిత్సాలయము వెలసినది. డెన్మార్కు దేశస్థుడగు డాక్టరు క్రిస్టియన్ ఫ్రిమాట్ మోలర్ దానికి తొలి అధిపతి. క్షయవలెనే దగ్గు, జ్వరము, ఊపిరితిత్తులలో నీడలు కలిగియు క్షయ లేని రోగులను ఆయన గుర్తించెను. వారి రక్తములో ఇయొసినోఫిల్ కణములు మిక్కుటముగ నుండెను. ఇది క్షయను బోలిన వేరొక వ్యాధి యని డాక్టరు బార్టనుతో కలసి 1940లో ప్రకటించెను. బోదకాలు క్రిములపై శరీరము చూపు ప్రతిక్రియయే దానికి మూలమని తరువాత తేలినది. అది కంతి కాదు. అయినను, కనబడిన నీడ యెల్ల క్షయ కాదను పాఠము మన సీమలోనే నేర్చినదని చెప్పుటకై పేర్కొంటిమి.

అపకారము చేయని కంతులలో తరచుగ కనబడునది హామార్టోమా. జర్మను వైద్యుడు ఆల్‌బ్రెహ్ట్ 1904లో ఈ పేరు పెట్టెను. ఇల్లు కట్టుటకు తెచ్చిన ఇటుక, సున్నము, కలప గోడగా కూర్పబడక పెరటిలో కుప్పపడినట్లు, మృదులాస్థి, కొవ్వు మొదలగునవి క్రమము తప్పి ముద్దకట్టుటయే దీని స్వరూపము. ఇది మిక్కిలి నెమ్మదిగ పెరుగును. ఇతర అవయవములకు ప్రాకదు. నడివయసు దాటినవారిలో ఎక్కువ. బాధ యేమియు లేకయే చాలమందిలో బయటపడును. శ్వాసనాళములోనే పుట్టినచో మాత్రము దగ్గు, కఫములో నెత్తురు, ఒకేచోట మాటిమాటికి న్యుమోనియా కలుగవచ్చును.

గుర్తించుట యెట్లు? మొదటి సాధనము పాత ఫిలిము. దట్టమైన నీడ రెండేండ్లకు పైగా ఏమాత్రము పెరుగక యున్నచో, అది అపకారము చేయునది కాదనుటకు బలమైన ఆధారము. రెండవది సీటీ స్కాను. అంచు నునుపుగ నుండి, లోపల కొవ్వు కనబడినను, సున్నపు మచ్చలు మొక్కజొన్న పేలాలవలె విచ్చుకొని యున్నను, హామార్టోమా యని నమ్మవచ్చును. అంచునుండి ముళ్ళవలె గీతలు వెడలినచో అనుమానింపవలెను. రోగి వయస్సు, బీడీ సిగరెట్ల అలవాటు కూడ లెక్కకు వచ్చును. మానిన క్షయ కూడ గుండ్రని గడ్డగా మిగులవచ్చును గనుక కఫపరీక్ష తప్పనిసరి.

అప్పటికిని సందేహము తీరనిచో, సూదితోనో, శ్వాసనాళములోనికి పంపు గొట్టముతోనో చిన్న ముక్క తీసి పరీక్షింతురు. వంగెడి గొట్టమును జపాను వైద్యుడు ఇకెడా 1966లో ప్రచారములోనికి తెచ్చెను. గొర్రెలు, కుక్కలు కలసి మెలగు పల్లెలవారిలో నీటితిత్తి కూడ ఇట్టి నీడనే చూపును. దానిలో సూది గ్రుచ్చినచో లోపలి నీరు చిమ్మి ప్రాణాపాయము కలుగవచ్చును. కావున మేము గొర్రెలు పెంచుదుమని వైద్యునికి ముందే చెప్పవలెను. ఏ పరీక్షకును లొంగనిచో శస్త్రచికిత్సచే కంతిని తీసి చూచుటయే శరణ్యము.

ఇందులో రెండు పొరపాట్లకు అవకాశమున్నది. అపకారము లేనిదానిని క్యాన్సరని తలచి, కోయనక్కరలేని ఊపిరితిత్తిని కోయించుకొనుట యొకటి. క్యాన్సరును ఏమీ లేదని విడిచి, అమూల్యమైన నెలలు పోగొట్టుకొనుట మరియొకటి. రెండవదాని మూల్యము ప్రాణమే.

మదనపల్లె, పుంగనూరు, కుప్పము ప్రాంతములు మూడు రాష్ట్రముల కూడలికి చేరువ. కుప్పములో వైద్యకళాశాల ఆసుపత్రి యున్నను, మనవారు వెల్లూరికి, బెంగుళూరికి, తిరుపతికి కూడ పోవుచుందురు. పోయినచోట నెల్ల క్రొత్త ఫిలిము తీయుదురు. పాతది ఇంటిలోనో, బస్సులోనో మిగిలిపోవును. మొదటి సాధనమని మేము చెప్పినది అట్లు నశించును.

కావున గృహస్థులకు మా మనవి: ప్రతి ఎక్స్‌రేను, స్కాను పలకను కవరులో నుంచి, పైన తేదీ వ్రాసి, భూమి పత్రములుంచు పెట్టెలోనే భద్రపరచుడు. ఏ వైద్యునికడ కేగినను వెంట తీసికొని పోవుడు. వైద్యుడు ఇన్ని నెలలకు మరల రమ్మనినచో, ఒంటిలో బాగున్నదని మానక, ఆ నెలకే పోవుడు.