ఏడాటల హాదీ



తార్నాకలో మా కుమారుని యింట కాపురముండుట మొదలిడినప్పటినుండి ప్రతిదినము ప్రాతఃకాలమున ఉస్మానియా విశ్వవిద్యాలయపు ఆవరణమున నడచివచ్చుట నాకు నలవాటయినది. 1918లో నెలకొనిన విద్యాస్థాన మది. ఆర్ట్సు కళాశాల యను రాతికట్టడము 1939లో తెఱవబడినది. ఆ చుట్టుపట్టుల మైదానములలో నొకచోట క్రికెట్టు, వేఱొకచోట హాకీ, మఱొకచోట కాలిబంతి సాగుచుండును. ఒకనాడు మా గ్రామమునుండి వచ్చిన పెద్దకాపొకరు నాతోడ నడచుచు, "పంతులుగారూ, వీని నన్నిటిని ఒక్కడే యాడగలడా?" యని యడిగిరి. ఆడినవాడు కలడనియు, అతడీ హైదరాబాదువాడే యనియు చెప్పితిని. ఆ మాటయే నేటి ప్రసంగమునకు మూలము.

ఆయన పేరు సయ్యదు మహమ్మదు హాదీ. 1899లో జన్మించెను. బాల్యముననే తండ్రి గతింపగా, ఒకప్పుడు నిజాము దివానుగా నుండిన ఆస్మాన్ జా వారి యింట పెరిగెను. అచ్చట గుఱ్ఱములకును, మైదానములకును కొదువ లేదు. పిమ్మట ఇంగ్లండునకు బోయి కేంబ్రిడ్జిలో చదివెను. క్రికెట్టు, టెన్నిసు, హాకీ, ఫుట్‌బాలు, పోలో, బల్లపై నాడు టేబిల్ టెన్నిసు, చదరంగము – ఈ యేడింట నారితేరుటచే జనులాయనను 'రెయిన్‌బో హాదీ' యని పిలిచిరి. రెయిన్‌బో యనగా ఇంద్రధనుస్సు. ఏడు రంగులకు ఏడాటలు సరిపోయినవి.

ఏడు విద్యలు నేర్చుటలో వింత యేమి, మన యవధానులు ఎనమండుగురు పృచ్ఛకులకు ఒక్కసారిగా సమాధానము చెప్పుట లేదా యని మీరనవచ్చును. నేనును తొలుత నట్లే తలచితిని. కాని యవధానమున ప్రశ్న లెన్నియైనను పనిచేయునవి ధారణయు వాక్కునే. ఆటల సంగతి వేఱు. ఒక యాటకై దేహమున కలవడిన పద్ధతి రెండవ యాటకు శత్రువగుచుండును. క్రికెట్టున బ్యాటు నెత్తి, బంతి నేలను తాకి లేచువఱకు కనిపెట్టి, గంటల తరబడి నిలువవలెను. అచ్చట సహనము ప్రధానము. టెన్నిసున నిలిచినవాడు చెడును. ఒక్క క్షణమున ముందునకు, మఱుక్షణమున ప్రక్కకు పాదము లాడుచుండవలెను. హాకీలో నడుము వంచి, కఱ్ఱ నేలబారున నడపవలెను; దానిని ఒకవైపుననే బంతికి తాకింపవలెను. కాలిబంతిలో, గోలు కాచువాడు తప్ప తక్కినవారు చేయి తాకింపనే కూడదు. పోలో యన్నచో, పరువిడు గుఱ్ఱముపై గూర్చుండి కుడిచేతి కఱ్ఱతో నేలమీది బంతిని కొట్టుట; ఇచ్చట రౌతు బుద్ధియు గుఱ్ఱము బుద్ధియు నేకము కావలెను. ఇక చదరంగము సంగతి మీకు నేను చెప్పవలసినది లేదు. కదలక కూర్చుండినవానిదే జయము. ఒక్క దేహ మిన్ని ధర్మములను మార్చుకొనుట యెట్లో నాకు నేటికిని అబ్బురమే.

ఇవి కాలక్షేపపు టాటలని తలంపవలదు. 1924లో పారిసు నగరమున జరిగిన ఒలింపిక్సున హాదీ భారతదేశము పక్షమున టెన్నిసాడెను. ఆ తరువాత 1988 వఱకు టెన్నిసునకు ఒలింపిక్సున పతకములు లేకుండెను. దేశదేశముల నడుమ జరుగు డేవిసు కప్పు పోటీలలో 1924, 1925 సంవత్సరములయం దాడెను. 1934-35లో రంజీ ట్రోఫీ మొదలైనపుడు హైదరాబాదు పక్షమున మద్రాసుపై 132 పరుగులు చేసి, అవుటు కాకుండ నిలిచెను. ఆ పోటీ చరిత్రలో మొట్టమొదటి శతక మదియే. ఆ తరువాత నెందఱెన్ని శతకములు చేసినను ఆ మొదటి స్థానమును తీసివేయువారు లేరుగదా.

1936లో విజయనగరపు మహారాజకుమారుని నాయకత్వమున భారత జట్టు ఇంగ్లండునకు బోయెను. హాదీ యందుండెను గాని టెస్టు పందెములలో నాడలేదు. అదే జట్టున ఆయనకు జోడైనవాడు మఱొకడుండెను, కోటా రామస్వామి. మద్రాసున క్రికెట్టునకు దారి చూపిన బుచ్చిబాబు నాయుడుగారి కుమారుడు; మాతామహునికి దత్తు పోయెను. 1922 డేవిసు కప్పులో టెన్నిసాడిన యీయన, నలువదేండ్లు నిండిన పిమ్మట మాంచెస్టరులో తొలి టెస్టాడి 40, 60 పరుగులు చేసెను. ఓవల్‌లో 29, అవుటు కాకుండ 41. రెండే టెస్టులు, మొత్తము 170 పరుగులు. వ్యవసాయశాఖలో నుద్యోగము చేసిన మనుష్యుడు! 1985లో నొకనాడు ఇల్లు వెడలి పోయెను. మఱల నెవరికిని కనబడలేదు.

హాదీ కడపటి కాలమున ఆడుటకంటె ఆడించుటయందు శ్రద్ధ వహించెను. హైదరాబాదులో వ్యాయామవిద్యను నడపెను. అఖిలభారత క్రీడామండలికి మొదటి కార్యదర్శి యయ్యెను. 1971లో గతించెను.

ఇంతవఱకు చెప్పి నా దోషమొకటి దాచుట న్యాయము కాదు. నేను బడిలో పనిచేయుకాలమున, శబ్దమంజరి వల్లింపక చెఱువు గట్టున చెడుగుడాడుచున్న బాలు నొకనిని బెత్తముతో కొట్టితిని. వాడు మఱునాటినుండి ఆటయు మానెను, బడియు మానెను. రెండును పోవునని నేనెఱుగలేదు. హాదీ చిన్ననాట ఆయనకు మైదానము నిచ్చినవారుండిరి. ఆడవలదని యదలించినవాడు లేడు. నేనా బాలునకు గుఱ్ఱము నీయలేకపోదును. సాయంకాలపు గంట యొకటి ఈయగలిగియుంటిని.

ఈ సంగతి యంతయు విని పెద్దకాపుగారు తార్నాక చేరువఱకు మాటాడలేదు. ఇంటి గుమ్మమువద్ద నిలిచి, "ఆ యేడింటిలో మన యూర నున్న దేది పంతులుగారూ?" యని యడిగి, తామే బదులు చెప్పిరి. "రావిచెట్టు క్రింద చదరంగ మొక్కటే. అదియు మేము ముసలివారమే యాడుచున్నాము. ఊరి బయలంతయు మొన్ననే ఇండ్లస్థలములుగా కొలిచితిమి."

ఎవరు కొలిపించిరని నేనడుగలేదు. ఆయనయే చెప్పిరి: "కొలిపించినవాడను నేనే."