నడిస్తే పిక్క నొప్పి, నిలిస్తే ఉపశమనం: కాలి ధమనులు సన్నబడితే ఏమవుతుంది?

విజయనగర, నాయక రాజుల కాలంలో దక్షిణాదికి తరలివెళ్ళిన తెలుగు కుటుంబాలు మదురై, కోయంబత్తూరు ప్రాంతాల పల్లెలలో తరతరాలుగా స్థిరపడి ఉన్నాయి. వీరికి ఇంట తెలుగు, ఆసుపత్రిలో తమిళం. "నాలుగడుగులు వేస్తే పిక్క పట్టేస్తోంది, నిలబడితే తగ్గుతోంది" అని పెద్దలు ఇంట్లో చెప్పుకొనే బాధ, వైద్యుని ముందు "కాల్ వలి" అనే రెండు మాటలకు కుదించుకుపోతుంది. రోగనిర్ణయానికి కావలసిన ముఖ్య వివరం అక్కడే జారిపోతుంది.

గుండె నుండి కాళ్ళకు రక్తం తెచ్చే ధమనుల లోపలి గోడలకు కొవ్వు పేరుకొన్నప్పుడు దారి ఇరుకవుతుంది. కూర్చున్నప్పుడు ఆ రక్తం చాలుతుంది. నడిచేటప్పుడు కండరానికి ఎక్కువ రక్తం కావాలి. అది అందక నొప్పి పుడుతుంది. కొద్ది నిమిషాలు ఆగితే తగ్గుతుంది. నడుము నరాల ఒత్తిడి వల్ల వచ్చే నొప్పి సాధారణంగా కూర్చుంటేనో, ముందుకు వంగితేనో తగ్గుతుంది; ఇది ఊరికే నిలబడినా తగ్గుతుంది.

పొగాకు, మధుమేహం, రక్తపోటు, అధిక కొలెస్ట్రాల్ దీనికి ప్రధాన కారణాలు. బీడీ, సిగరెట్లు ఎక్కువగా తాగే యువకులలో బర్జర్ వ్యాధి వల్ల కూడా ధమనులు మూసుకుపోతాయి. పాదం చల్లబడుట, రాత్రి నొప్పి వచ్చి కాలు మంచం కిందికి వేలాడదీస్తే తగ్గుట, పుండు మానకపోవుట ముదిరిన లక్షణాలు. మధుమేహులకు స్పర్శ తగ్గి నొప్పి తెలియకపోవచ్చు. కనుక వారు ప్రతిదినం పాదాలు చూసుకోవాలి.

పరీక్ష సులభం. చీలమండ వద్ద రక్తపోటును చేతి రక్తపోటుతో భాగిస్తారు. ఫలితం 0.9 లేదా అంతకు తక్కువైతే ధమని సన్నబడినట్లు. మధుమేహులలో గోడలు గట్టిపడి అంకె 1.4 దాటితే వేరే పరీక్ష అవసరం.

పొగాకు పూర్తిగా మానుట మొదటి చికిత్స. వైద్యుని సలహాపై నొప్పి వచ్చేవరకు నడిచి, ఆగి, మళ్ళీ నడవడం మేలు చేస్తుంది. మందులు, అవసరమైతే బెలూన్ చికిత్స లేదా బైపాస్ ఉన్నాయి. వేడినీళ్ళ కాపడం, ఆనెలను బ్లేడుతో కోయుట, చెప్పులు లేని నడక ప్రమాదకరం.

కాలు హఠాత్తుగా తెల్లబడి, చల్లబడి, తీవ్రంగా నొప్పిపెడితే తెల్లవారేదాకా వేచి ఉండరాదు. 6 గంటలు దాటితే కాలు దక్కే అవకాశం వేగంగా తగ్గుతుంది. మదురై రాజాజీ ప్రభుత్వ ఆసుపత్రి, కోయంబత్తూరు వైద్య కళాశాల ఆసుపత్రి వంటి పెద్దాసుపత్రికి వెంటనే చేర్చాలి.

పిక్కను తమిళంలో "కెండైక్కాల్" అంటారు. ఎంత దూరం నడిస్తే నొప్పి వస్తుందో, ఎంతసేపు ఆగితే పోతుందో ఇంటి పిల్లలు కాగితంపై తమిళంలో వ్రాసి ఇస్తే చాలు. ఆ రెండు వాక్యాలు పెద్దల కాలును కాపాడగలవు.