నిద్రలో ధ్వని, స్మృతి దృఢీకరణ: ఒక పరిశీలన

ఉపోద్ఘాతం:
పరీక్షలు సమీపించగానే పాఠాన్ని ఫోనులో రికార్డు చేసుకొని, రాత్రంతా చెవిలో మోగిస్తూ నిద్రపోయే విద్యార్థులు అధ్యాపకులకు కొత్త కాదు. నా తరగతిలో ఒక విద్యార్థిని సంధిసూత్రాలను ఇలాగే వింటున్నానని చెప్పింది. ఆమెకు అప్పటికప్పుడు ఏమి చెప్పాలో తోచలేదు. ఈ వ్యాసానికి ప్రేరణ ఆ సందర్భమే.

నిద్రలో పాఠం వంటబడుతుందన్న నమ్మకం పాతదే. 1950లలో అమెరికాలో సైమన్, ఎమన్స్ అనే పరిశోధకులు మెదడు విద్యుత్తరంగాలను నమోదు చేస్తూ, నిద్రిస్తున్నవారికి ప్రశ్నలూ జవాబులూ వినిపించారు. నిజంగా నిద్రలో ఉన్నప్పుడు విన్నవి వారికి గుర్తులేవు. ఆపైన పరిశోధన దారి మళ్లింది. కొత్తది నేర్పడానికి కాక, మెలకువలో నేర్చినదాన్ని స్థిరపరచడానికి నిద్రలోని ధ్వని ఉపకరిస్తుందా అన్నది ప్రశ్నగా మారింది. ఈ పద్ధతిని టార్గెటెడ్ మెమరీ రియాక్టివేషన్ అంటారు. తెలుగులో 'లక్షిత స్మృతి పునరుత్తేజనం' అనవచ్చును.

ప్రయోగాలు:
2009లో రుడోయ్, పాలర్ బృందం 50 బొమ్మలు తెరమీద ఎక్కడెక్కడ ఉన్నాయో నేర్పింది. ప్రతి బొమ్మకూ తగిన శబ్దం ఒకటి జోడించింది. పిల్లికి మ్యావ్, కెటిల్‌కు ఈల. తరువాత పగటి కునుకులో, గాఢనిద్ర దశలో, 25 శబ్దాలను మాత్రమే మెల్లగా వినిపించారు. లేచాక ఆ 25 బొమ్మల స్థానాలను మిగిలినవాటికన్నా కచ్చితంగా చూపగలిగారు. ఏ శబ్దాలు వినిపించారో మాత్రం వారు చెప్పలేకపోయారు. పద్యం మరచిన విద్యార్థికి తొలిపదం అందిస్తే మిగిలినది తానే అందుకుంటాడు. ఇక్కడ శబ్దం చేసే పని దాదాపు అదే. 2012లో బెండర్, విల్సన్ ఎలుకలలో దీని ఆనవాలు చూపారు. ఒక ధ్వనికి ఎడమకు, మరొక ధ్వనికి కుడికి వెళ్లడం నేర్చిన ఎలుకలకు నిద్రలో ఆ ధ్వని వినిపిస్తే, హిప్పోకాంపస్‌లో ఆయా దారికి సంబంధించిన కణాలే ఎక్కువగా స్పందించాయి.

భాషాధ్యాపకులకు ముఖ్యమైనది ష్రైనర్, రాష్‌ల పరిశోధన. జర్మన్ మాతృభాషగా గలవారు డచ్ పదాలను అర్థాలతో నేర్చుకున్నారు. నిద్రలో డచ్ పదాలను మాత్రమే మళ్లీ వినిపిస్తే అర్థాలు బాగా గుర్తున్నాయి. అయితే 2015లో ప్రచురించిన మరొక ప్రయోగంలో, పదం వెంటనే దాని అర్థాన్ని కూడా వినిపించగా ఆ ప్రయోజనం కనిపించలేదు. అర్థానికి బదులు కేవలం ఒక స్వరం వినిపించినా ఫలితం అదే. అందించిన మాట పట్టుకొని మెదడు మిగిలినది తానే తలచుకోవడానికి కొంత నిశ్శబ్దం కావాలని దీన్నిబట్టి నేను భావిస్తున్నాను.

పరిమితులు:
ఈ ఫలితాలు పరిమితమైనవి. ప్రయోగశాలలో నిద్రదశను యంత్రాలతో గమనిస్తూ శబ్దాన్ని అందిస్తారు. దిండు పక్కన పెట్టిన ఫోనుకు ఆ సంగతి తెలియదు. ఇళ్లలో జరిపిన ఒక అధ్యయనంలో శబ్దంవల్ల నిద్ర చెదిరినవారికి మేలు జరగలేదు. నిద్ర చెదిరితే అసలు ధారణకే నష్టం.

ఆ విద్యార్థిని రికార్డింగును తరువాత విన్నాను. సూత్రం, వెంటనే వివరణ, వెంటనే ఉదాహరణ. ఎక్కడా విరామం లేదు. పగలు వల్లె వేసుకొని, రాత్రి ఫోను ఆపి పడుకోమని చెప్పాను.