సైటేషన్ల స్కోరు... ఏ పిచ్ మీద కొట్టింది?

ఏటా సెప్టెంబరు, అక్టోబరు వచ్చిందంటే వాట్సాప్ గ్రూపుల్లో ఓ పోస్టరు తిరుగుతుంది. 'ప్రపంచ టాప్ 2 శాతం శాస్త్రవేత్తల్లో మన ప్రొఫెసర్!' అని. శాలువా, బొకే, ప్రిన్సిపల్ గారితో ఫొటో. సంతోషమే. కానీ ఆ ర్యాంకు ఎలా వచ్చింది? ఎంతవరకు నమ్మొచ్చు? పీహెచ్‌డీకి గైడ్‌ని వెతుక్కుంటున్నవాళ్లకి ఇది నాలుగైదేళ్ల జీవితానికి సంబంధించిన ప్రశ్న.

ముందు లెక్క తెలుసుకుందాం

ఒకరు రాసిన పేపర్‌ని ఇంకొకరు తమ పేపర్లో ప్రస్తావిస్తే అది ఒక సైటేషన్. 2005లో జార్జ్ హిర్ష్ అనే అమెరికా ఫిజిక్స్ ప్రొఫెసర్ దీన్నిబట్టి 'హెచ్-ఇండెక్స్' తయారుచేశాడు. మీ పేపర్లలో 20 పేపర్లకి తలా 20 సైటేషన్లు తక్కువ కాకుండా ఉంటే మీ ఇండెక్స్ 20. ఒకే ఒక్క పేపరు రాసి, దానికి పదివేల సైటేషన్లు వచ్చినా ఇండెక్స్ మాత్రం 1 దగ్గరే ఆగిపోతుంది!

పిచ్ మారితే స్కోరు మారుతుంది

హిర్ష్ తన పేపర్లోనే ఓ పోలిక చూపించాడు. అప్పటికి ఫిజిక్స్‌లో టాప్ ఎడ్వర్డ్ విటెన్, ఇండెక్స్ 110. జీవశాస్త్రాల్లో టాప్ సాలమన్ స్నైడర్, 191. అంటే స్నైడర్ దాదాపు రెండింతలు గొప్పవాడనా? కాదు. బయాలజీలో ల్యాబులు ఎక్కువ, పేపర్లు ఎక్కువ, ఒక్కో పేపరు చివర రిఫరెన్సులూ ఎక్కువే. మ్యాథ్స్‌లో ఇవన్నీ తక్కువ. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టడమంటే టీ20 స్ట్రైక్ రేటుతో టెస్ట్ బ్యాటర్‌ని తీసిపారేయడమే.

టీమ్ సైజు సంగతి ఇంకో తమాషా. హిగ్స్ బోసాన్ బరువు మీద 2015లో వచ్చిన పేపరుకి 5,154 మంది రచయితలు. 33 పేజీల్లో 24 పేజీలు పేర్లూ, సంస్థలే! దానికి వచ్చే ప్రతి సైటేషనూ అందరి ఖాతాలోనూ పడుతుంది.

గొప్పదా, పనికొచ్చేదా?

2014లో 'నేచర్' పత్రిక అత్యధిక సైటేషన్లున్న 100 పేపర్ల లిస్టు వేసింది. ఫస్ట్ ఏదో తెలుసా? ప్రొటీన్ ఎంతుందో కొలిచే పద్ధతి మీద 1951లో లౌరీ బృందం రాసిన పేపరు. 3 లక్షలకు పైగా సైటేషన్లు! డీఎన్ఏ నిర్మాణాన్ని చెప్పిన వాట్సన్, క్రిక్‌ల పేపరు ఆ వందలోనే లేదు. మా సాఫ్ట్‌వేర్ భాషలో చెప్పాలంటే, లౌరీ పేపరు ప్రతి ప్రాజెక్టులోనూ ఇంపోర్ట్ అయ్యే లైబ్రరీ లాంటిది. ఎంత వాడుతున్నారో సైటేషన్లు చెబుతాయి. ఎంత గొప్పదో చెప్పవు.

మన సి.ఆర్. రావు గారినే తీసుకోండి. ఆంధ్రా యూనివర్సిటీలో మ్యాథ్స్ చదివిన ఆయన 1945లో కలకత్తా మ్యాథమెటికల్ సొసైటీ బులెటిన్‌లో ఓ పేపరు రాశారు. అందులోని 'క్రామర్-రావు బౌండ్' ఇప్పుడు సిగ్నల్ ప్రాసెసింగ్ పాఠాల్లో భాగం. దాన్ని వాడే ప్రతివాళ్లూ 1945 పేపర్‌ని సైట్ చేయరు. పేరు చెబితే చాలు, అందరికీ అర్థమైపోతుంది. ఫలితం అంత పాపులరైతే సైటేషన్ లెక్కలోంచి జారిపోతుందన్నమాట. 2023లో, 102 ఏళ్ల వయసులో, ఆయనకి స్టాటిస్టిక్స్‌లో అంతర్జాతీయ బహుమతి ప్రకటించారు.

సొంత డప్పు సంగతి

తన పాత పేపర్లని తనే సైట్ చేసుకోవడం తప్పేం కాదు. పరిశోధన ఒకదాని మీద ఒకటి కట్టుకుంటూ వెళ్లేదే. కానీ 2019లో స్టాన్‌ఫర్డ్ ప్రొఫెసర్ జాన్ అయోనిడిస్ బృందం తీసిన డేటాలో, సగానికి పైగా సైటేషన్లు తమ నుంచో తమ సహ రచయితల నుంచో వచ్చినవాళ్లు కనీసం 250 మంది తేలారు.

వాట్సాప్‌లో తిరిగే 'టాప్ 2 శాతం' లిస్టు తయారుచేసేదీ ఈయన బృందమే. నిజానికి అది ఒళ్లు దగ్గరపెట్టుకుని చేసిన లిస్టు. సబ్జెక్టుల వారీగా విడదీస్తుంది, రచయితల వరసలో మీరెక్కడున్నారో చూస్తుంది, సొంత సైటేషన్లు తీసేసిన ర్యాంకు కూడా ఇస్తుంది. ఆ వివరాలన్నీ పోస్టరు దాకా వచ్చేసరికి ఎగిరిపోతాయి, అంతే.

గైడ్‌ని ఎంచుకునే ముందు

* లిస్టులు రెండుంటాయి: కెరీర్ మొత్తానికి ఒకటి, ఒక్క ఏడాదికి ఒకటి. ఏ లిస్టో కనుక్కోండి.
* స్కోర్‌ని అదే సబ్జెక్టులో, అదే సీనియారిటీ ఉన్నవాళ్లతోనే పోల్చండి.
* సొంత సైటేషన్లు తీసేస్తే ర్యాంకు ఎంత పడిపోతోందో చూడండి.
* ఏడాదికి వందల పేపర్లు కనిపిస్తే, వాటిలో ఆయన చేసిన పని ఏంటో ఆరా తీయండి.
* పాత విద్యార్థులు ఇద్దరితో మాట్లాడండి. ఆ సమాచారం ఏ ఇండెక్స్‌లోనూ ఉండదు.

ఇవన్నీ అయ్యాక ఆయన పేపర్లు రెండైనా తెరిచి చదవండి. ఓ సాయంత్రం పోతే పోయింది, నాలుగైదేళ్లు మిగులుతాయి.