వంటగది అరల అందం.. ఆరోగ్యానికి చేటు కారాదు

తార్నాక: ఇత్తడి పాత్రలు, గాజు సీసాలు, లక్క బొమ్మలతో అరలను తీర్చిదిద్దితే చిన్న వంటగదికైనా కళ వస్తుంది. అయితే ఏ వస్తువును ఎక్కడ ఉంచాలో తెలియకపోతే ఆ అలంకారమే చేటు తెస్తుంది.

ఉప్పునే తీసుకుందాం. ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణానికి చేరువలో, తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ 1918లో కూనూరులో ఆరంభమై, 1958లో హైదరాబాద్‌కు తరలివచ్చింది. ఇనుము, అయోడిన్ రెండూ కలిపిన ఉప్పును రూపొందించిన సంస్థ ఇదే. అయోడిన్ ఉప్పును అందం కోసం గాజు సీసాలో పోసి కిటికీలోనో, పొయ్యి పక్కనో ఉంచితే వెలుతురు, వేడి, తేమల వల్ల అయోడిన్ క్రమంగా తగ్గిపోతుంది. బిగువైన మూత గల జాడీలో, పొయ్యికి దూరంగా ఉంచడం మేలు.

జనగామ జిల్లా పెంబర్తి ఇత్తడి వస్తువులు పై అరలకు శోభనిస్తాయి. కానీ కళాయి లేని ఇత్తడి పాత్రలో పులుసు, చారు, పెరుగు నిల్వ ఉంచరాదు. పులుపునకు రాగి కరిగి ఆహారంలో చేరుతుంది. వాంతులు, కడుపునొప్పి కలగవచ్చు. వంటకు వాడదలచిన పాత్రకు ముందుగా కళాయి వేయించాలి.

ఏటికొప్పాక బొమ్మలపై పూత లక్కతో చేసినది. వేడికి అది మెత్తబడుతుంది గనుక వాటినీ పొయ్యికి ఎడంగానే అమర్చుకోవాలి.